నువ్వే రాసుకొని రా, సంతకం చేస్తా

సిఫారసు ఉత్తరం మా దగ్గర ఎట్లా తయారవుతుందో కాలేజీ గడప తొక్కినవాళ్లందరికీ తెలుసు. పిల్లవాడు లెక్చరర్‌ను అడుగుతాడు. ‘నువ్వే రాసుకొని రా, సంతకం చేస్తా’ అంటాడాయన. రాందాస్ చౌరస్తా పక్కన ఏ జిరాక్స్ షాపుకు పోయినా కంప్యూటర్‌లో పాత ఉత్తరం ఒకటి సిద్ధంగా ఉంటుంది. పేరు, హాల్‌టికెట్ నంబరు మారిస్తే సరి. కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు, నాయకత్వ లక్షణాలు మెండు. మెదక్‌లో ఇన్నేళ్లుగా ఇంతమంది నాయకులు తయారయ్యారంటే ఊరు ఎక్కడికో పోయి ఉండాలి.

ఎంఎస్‌కు అమెరికా పోయేవాళ్ల పని దీంతోనే గడిచిపోతోంది. అక్కడ ముందు చూసేవి బీటెక్ మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, బ్యాంకు కాగితాలు. మనకు అమెరికా చదువంటే అదే. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మందైతే, అందులో డిగ్రీ స్థాయిలో చదువుతున్నది 36,053 మందే. ఈ కొద్దిమందిలోనూ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు పోయేవాళ్లు మరీ తక్కువ. ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పుకునే నా దగ్గరికి ఈ మధ్య అట్లాంటి కాలేజీల పేర్లు పట్టుకొని ఒకరిద్దరు వస్తున్నారు. ఆమ్‌హర్స్ట్, గ్రినెల్, స్వార్త్‌మోర్, బెరియా. తల్లిదండ్రులు వినని పేర్లు. వేయి, రెండు వేల మంది పిల్లలు, క్లాసుకు పదిహేను ఇరవై మంది, మొదటి రెండేళ్లు ఫిజిక్సూ చరిత్రా సంగీతమూ ఏదైనా చదివి, ఆ తర్వాత ప్రధాన సబ్జెక్టు తేల్చుకోవడం. ‘ఇంజనీరింగ్ లేని కాలేజీకి అంత దూరం ఎందుకు సార్?’ అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే.

ఆయనకు గ్రినెల్ పంది కథ చెప్పాను. అయోవా రాష్ట్రంలో గ్రినెల్ చిన్న ఊరు, మన మెదక్ జనాభాలో నాలుగోవంతు కూడా ఉండదు. 1948లో అక్కడి కాలేజీ కుర్రాళ్లు హాస్టల్లో విందు చేసుకుందామని పక్క రైతు పందిపిల్లను ఎత్తుకొచ్చారు. తెచ్చినవాళ్లలో ఒకడు రాబర్ట్ నాయిస్. మర్నాడు తనే వెళ్లి ఒప్పుకున్నాడు. పశువులే బతుకైన రాష్ట్రంలో అది మామూలు తప్పు కాదు, కాలేజీ నుంచి పంపేయాల్సిందే అన్నారు. ఫిజిక్స్ చెప్పే గ్రాంట్ గేల్ అడ్డుపడ్డాడు, కాలేజీ అధ్యక్షుడూ ఆయన వెంట నిలిచాడు. శిక్ష ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో ఆగింది. ఆ గేలే అప్పుడప్పుడే పుట్టిన ట్రాన్సిస్టర్‌ను తెప్పించి తన పిల్లలకు చూపించినవాడు. నాయిస్ 1949లో అక్కడే డిగ్రీ పూర్తి చేశాడు, 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ పెట్టాడు. తండ్రికి ఇంటెల్ పేరు నచ్చింది. నాకు నచ్చింది గేల్. పంది దొంగ కోసం పైవాళ్లతో మాట్లాడాలంటే ఆ దొంగ ఎట్లాంటివాడో తెలిసి ఉండాలి కదా.

చిన్న కాలేజీలు ఉత్తరంలో వెతికేది అదే. అక్కడి కాలేజీల దరఖాస్తుకు వాడే కామన్ అప్లికేషన్‌లో పిల్లలు 650 పదాలు మించకుండా తమ వ్యాసం రాస్తారు. టీచర్ ఉత్తరం మాత్రం టీచరే నేరుగా పంపాలి. దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి ముందే టిక్ పెట్టడం అక్కడ రివాజు. మనవాళ్లు దీనికీ ఉపాయం కనిపెట్టారు, లెక్చరర్ పేరుతో జీమెయిల్ పిల్లవాడే తెరుస్తాడు! లెక్చరర్‌ను మాత్రం ఏమని అందాం? సెక్షన్‌కు ఎనభై మంది. ఎంసెట్ పేరు ఎప్సెట్ అయింది కానీ 180 నిమిషాలు, 160 ప్రశ్నలు అట్లాగే ఉన్నాయి. ఆ పరుగులో పిల్ల ఏం అడిగిందో గుర్తుపెట్టుకునే తీరిక ఎవరికుంది? అసలు అడగనిస్తేగా.

పోయినసారి ఒకమ్మాయికి నేను ఉత్తరం రాశాను. పాపన్నపేట వైపు పల్లె, రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చేది. తన వ్యాసాన్ని అబ్దుల్ కలాం మాటతో మొదలుపెట్టి దేశసేవతో ముగించింది. తప్పేం లేదు, ఎవరైనా రాసే వ్యాసం. అయితే ఆ పిల్ల లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో నేను వేరే సంగతి చూశాను. తేదీ, బస్సొచ్చిన టైము, ఎక్కినవాళ్లు, ఎక్కలేక స్టాపులోనే మిగిలినవాళ్లు. స్కేలు పెట్టి గీసిన గడులు, నెలల తరబడి. వాన పడిన రోజు పక్కన చిన్న గొడుగు బొమ్మ. ఏందమ్మా ఇదంటే, ‘ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినంక కండక్టర్ జీరో టికెట్ కొడ్తడు గదా సార్. ఎక్కినోళ్ల లెక్క డిపోల ఉంటది. ఎక్కనోళ్ల లెక్క ఎవరి దగ్గరుంటది?’ అంది.

ఉత్తరంలో ఈ ప్రశ్న ఉన్నదున్నట్టు రాశాను. గడుల సంగతి, గొడుగు సంగతి రాశాను. కష్టజీవి అని ఎక్కడా రాయలేదు. ఒక పేజీకి ఒక ఆదివారమంతా పట్టింది. పొగడ్త రాయడం సులువు, చూసింది రాయడమే చేతకాదు. మనకు అలవాటు తప్పిన పని అది.

సీటొచ్చింది, డబ్బు చాలలేదు. ఈ చదువులో అసలు మెలిక ఇక్కడే ఉంది. పేరున్న కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది. ఇంటి స్థోమత చూడకుండా విదేశీ విద్యార్థికి సీటిచ్చి, లోటంతా భరించేవి ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్నే. కెంటకీలోని బెరియా 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోదు, బదులుగా అందరూ వారానికి కనీసం పది గంటలు పని చేయాలి. అక్కడ మగ్గం నేసేవాళ్లున్నారు, చీపుర్లు కట్టేవాళ్లున్నారు. దుబ్బాక పద్మశాలి పిల్లలకు ఈ కబురు చేరితే బాగుండు. కాకపోతే విదేశీయులకు అక్కడ సీట్లు చాలా తక్కువ. మన సర్కారు ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు పీజీకి, పీహెచ్‌డీకే, డిగ్రీకి లేదు. ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాద్‌లో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదువుతోంది. బస్సు లెక్కలు సిటీలోనూ రాస్తోందట.

ఒక్కటి మాత్రం పైసా ఖర్చు లేకుండా అయ్యే పని. ఈ కాలేజీలు మన జూనియర్ కాలేజీ నుంచి కూడా ఒక పేజీ అడుగుతాయి. ఎంతమంది పిల్లలు, ఏ బోర్డు, వెయ్యికి 950 అంటే ఎంత గొప్ప, వందకు 35 వస్తే పాసెట్లా అవుతారు, ప్రాక్టికల్స్ ఎప్పుడు అని. చదివేవాళ్లకు మెదక్ తెలియదు, ఇంటర్ తెలియదు. ఇంటర్ బోర్డు ఒకసారి రాసి పెడితే రాష్ట్రమంతా వాడుకోవచ్చు. ఈలోపు మనమే రాద్దామని తెలిసిన ఒక ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆయన కాదనలేదు. ‘మంచిదే సార్, మీరే రాసుకొని రండి, సంతకం చేస్తా’ అన్నాడు.