చరమగీతమా, స్మృతికావ్యమా, శోకాలా?

పావగడ తాలూకా నుంచి వచ్చే విద్యార్థుల వ్యాసాలు దిద్దేటప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే మాట ‘చరమగీతం’. పోయినవారి మీద రాసిన పద్యమైనా, పాడిన పాటైనా వారికి అదే.

ఇందులో వింత లేదు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్నా ఆ తాలూకా తుమకూరు జిల్లాలోది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడంలో చరమగీతె, శోకగీతె గౌరవమైన సాహిత్య పదాలు. తెలుగులో మాత్రం ఆ మాటను పత్రికలు అరగదీశాయి. ఫలానా పథకానికి ‘చరమగీతం పాడారు’ అంటే దాన్ని వదిలించుకున్నారనే అర్థం. తండ్రి మీద కొడుకు రాసిన పద్యానికి ఆ పేరు పెడితే చెవికి గుచ్చుకుంటుంది.

మన విమర్శకులు ఎలిజీని ‘స్మృతికావ్యం’ అన్నారు. నాయని సుబ్బారావు ‘మాతృగీతాలు’, విశ్వనాథ ‘వరలక్ష్మీ త్రిశతి’ ఆ పేరులో చక్కగా ఒదుగుతాయి. అయితే స్మృతి అనగానే పోయినవారు దూరమయ్యారనీ, కవి కొంత తేరుకున్నాడనీ స్ఫురిస్తుంది. ‘మహాప్రస్థానం’ (1950) మొదట్లో శ్రీశ్రీ కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన కవిత అలాంటిది కాదు. 1937లో పోయిన మిత్రుణ్ణి నువ్వని పిలిచి మాట్లాడుతుంది. దానికి స్మృతి అన్న మాట చాలదు.

చాలే మాట మన విద్యార్థుల ఇళ్లలోనే ఉంది. శోకం అంటే మనసులోని బాధ. ‘శోకాలు పెట్టి ఏడ్చింది’ అన్నప్పుడు అది గొంతులోంచి వరసగా వచ్చే పలుకు. ‘రాగాలు తీయడం’ కూడా అంతే. బహువచనమే అర్థాన్ని మార్చేసింది. శవం వాకిట్లో ఉండగానే కూతురు ‘నాయనా’ అని పిలుస్తుంది. ఆయన దున్నిన చేనునూ, తెగకుండా వదిలిపోయిన తగాదానూ ఆయనకే చెబుతుంది. అదే రాత్రి భజన చేసేవాళ్లు తత్వాలు పాడతారు. వాటిలో పోయినవాడి పేరుండదు, ఏ చావుకైనా అవే. ఈ రెంటినీ ‘చావుపాటలు’ అని ఒకే గాటన కట్టడం మాకు సమ్మతం కాదు. తత్వం చావును గురించి చెబుతుంది. శోకం ఆ మనిషితో మాట్లాడుతుంది.

తాత పోయిన రోజున అవ్వ ఏడ్చిన తీరును ఒక విద్యార్థిని మూడు పుటల్లో చాలా బాగా రాసి, శీర్షిక మాత్రం ‘చరమగీతాలు’ అని పెట్టింది. ఎందుకని అడిగాం. శోకాలు అని రాస్తే ఇంటి ఏడుపును బజారున పెట్టినట్టుంటుంది సార్, అంది. దానికి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. శీర్షిక మాత్రం మార్చమన్నాం.