8 కోసం ఒక జత

నాలుగు సంఖ్యలు బోర్డు మీద రాసి, ఏ రెండింటిని కలిపితే 8 వస్తుందో చెప్పమంటే మూడో తరగతి పిల్ల కూడా చెప్పేస్తుంది. గూగుల్ 2016లో విడుదల చేసిన నమూనా ఇంటర్వ్యూ వీడియోలో ప్రశ్న ఇదే. ఆ కంపెనీ ఇంజనీర్లే ఇద్దరు, ఒకరు అడిగేవారుగా, ఒకరు అభ్యర్థిగా, ఇరవై నిమిషాలకు పైగా ఈ చిన్న లెక్క చుట్టూనే మాట్లాడుకుంటారు. పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో అభ్యర్థికి ఎదురయ్యేది ఏమిటో ఇంత స్పష్టంగా చూపించింది నేను మరొకటి చూడలేదు.

ముందు ప్రశ్నలోని నేర్పు చూడండి. ఇచ్చిన ఉదాహరణలు రెండు: 1, 2, 3, 9 ఒక వరుస, 1, 2, 4, 4 ఇంకో వరుస. మొదటి దాంట్లో జత లేదు, రెండో దాంట్లో ఉంది. ఈ సంఖ్యలు తోచినట్టు రాసినవి కావు. 4 రెండుసార్లు ఎందుకుంది? ఒకే 4 ఉంటే దాన్నే రెండుసార్లు వాడుకోవచ్చా? రెండు వరుసలూ చిన్న నుంచి పెద్దకు ఉన్నాయి సరే, ఎప్పుడూ అలాగే వస్తాయా? చెప్పకుండా వదిలిన ఈ ఖాళీలే ప్రశ్నకు ప్రాణం. అభ్యర్థి కోడ్ జోలికి పోకుండా ముందు వాటినే అడుగుతాడు. రుణసంఖ్యలు రావచ్చా, అన్నీ పూర్ణసంఖ్యలేనా అని కూడా అడిగి తేల్చుకుంటాడు.

తర్వాత అందరికీ తట్టే దారి: ప్రతి సంఖ్యనూ మిగిలిన వాటన్నిటితో కలిపి చూడటం. ఇది నెమ్మది అని తనే చెప్పి పక్కన పెడతాడు. సంఖ్యలు క్రమంలో ఉన్నాయి కాబట్టి, ఒక్కో సంఖ్యకు 8 కావడానికి ఎంత కావాలో ఆ సంఖ్యను బైనరీ సెర్చ్‌తో, అంటే ప్రతిసారీ సగం వరుసను వదిలేస్తూ, వెతకొచ్చు. అది మెరుగే. కానీ అక్కడా ఆగడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు దీని తర్వాతది. ఒక వేలు మొదటి సంఖ్య మీద, ఇంకో వేలు చివరి సంఖ్య మీద. 1, 9 కలిపితే 10; ఎక్కువైంది. 9కి వరుసలో అన్నిటికన్నా చిన్నదాన్ని కలిపినా 8 దాటిందంటే, ఇక 9కి జోడే లేదు. దాన్ని వదిలేయొచ్చు. 1, 3 కలిపితే 4, తక్కువ. మిగిలిన వాటిలో పెద్దదాన్ని కలిపినా చాలలేదంటే 1 కూడా పోయింది. 2, 3 కలిపినా 5 దాటలేదు. పని అయిపోయింది. ఒక్కో అడుగుకు ఒక్కో సంఖ్య రాలిపోతుంది, రాలినదాన్ని మళ్లీ చూడక్కర్లేదు. ఇంత పొదుపైన తర్కం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది.

అడిగేవారు అప్పుడు ఒక్క మాట మారుస్తారు: సంఖ్యలు క్రమంలో లేకపోతే? వేళ్ల పద్ధతి పనికిరాదు. అభ్యర్థి హ్యాష్ సెట్ అందుకుంటాడు, అంటే ఒక సంఖ్య ఉందో లేదో వెంటనే చెప్పే సంచి లాంటిది. ప్రతి సంఖ్య దగ్గరా, దీనికోసం ఇంతకుముందు ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని సెట్‌లో వెతకాలి. లేకపోతే దీనికి కావలసిన జోడును అందులో దాచాలి. ముందు వెతకడం, తర్వాత దాచడం. ఈ వరుస తిరగేస్తే ఒంటరి 4 తనకు తానే జోడైపోతుంది. మొదట్లో అడిగిన సందేహానికి ఇక్కడ కోడ్‌లో జవాబు దొరుకుతుంది. ఆపైన, కోటి సంఖ్యలుంటే ఏం చేస్తావని అడుగుతారు. అలా ఆ పిల్లల లెక్క అనేక కంప్యూటర్ల మధ్య పని పంచే ప్రశ్న దాకా వెళ్తుంది.

అభ్యర్థి ఆద్యంతం తన ఆలోచనను పైకి చెబుతూనే ఉంటాడు. అది ఊరికే మంచి అలవాటు కాదు. గూగుల్‌లో ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది ఎదుట కూర్చున్న మనిషి ఒక్కరే తేల్చరు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు రాసిన నోట్సు చదివి హైరింగ్ కమిటీ తేలుస్తుంది. నోటితో చెప్పని ఆలోచన నోట్సులోకి ఎక్కదు. నోట్సులో లేనిది కమిటీకి చేరదు.

ఇలాంటి ప్రశ్నలు అడిగే పద్ధతి వెనక కొంత ఆత్మపరిశీలన కూడా ఉంది. పొడుపుకథల్లాంటి ప్రశ్నలు పనికిరావని, అవి అడిగేవాడికి తను తెలివైనవాణ్ననిపించడానికే ఉపయోగమని, అప్పట్లో ఆ సంస్థ మానవ వనరుల అధిపతిగా ఉన్న లాస్లో బాక్ 2013లో బహిరంగంగా ఒప్పుకున్నారు. నాలుగు ఇంటర్వ్యూలతో దాదాపు 86 శాతం నమ్మకంగా తేల్చేయొచ్చని, ఆ తర్వాత అడిగే ప్రతి రౌండూ పెద్దగా ఏమీ కలపదని 2015లో తన పుస్తకంలో రాశారు.

వీడియోలో లేనిది ఒకటుంది: భయం. ఇద్దరూ సహోద్యోగులే కాబట్టి గొంతు ఎండిపోవడం, తెలిసినది గుర్తురాకపోవడం కనిపించవు. నిజమైన అభ్యర్థికి అవన్నీ ఉంటాయి. అయినా దీని విలువ తగ్గదు.

అమీర్‌పేట నుంచి అమెరికా దాకా వందల ప్రశ్నలకు జవాబులు బట్టీ పడుతున్న మన పిల్లలకు నా మనవి ఇది. ప్రశ్న చెప్పగానే వీడియో ఆపండి. కాగితం తీసుకుని, ఒక స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రతి అడుగూ పైకి చెబుతూ చేయండి. ఇంగ్లీషులో మాట తడబడుతుంటే మొదటిసారి తెలుగులోనే చెప్పండి. ఆ తర్వాత మిగతాది చూడండి.