లూయిస్ క్లార్కుల దినచర్యలు - పాఠపరిష్కరణ విమర్శము

గ్రంథకర్త స్వహస్తముతో వ్రాసిన పాఠమునఁ దప్పులున్నచోఁ బరిష్కర్త వానిని దిద్దవచ్చునా, యథాతథముగా నిలుపవలయునా యనునది గ్రంథప్రకటనము చేయువారికెల్లఁ దటస్థించు సందేహము. అమెరికాఖండపుఁ బడమటి సీమలను శోధించిన మెరివెదర్ లూయిస్, విలియం క్లార్కుల దినచర్యల ముద్రణచరిత్రము ఈ సందేహమును దీర్చుకొనుటకు మిక్కిలి తోడ్పడును.

సంయుక్తరాష్ట్రముల యధ్యక్షుఁడగు థామస్ జెఫర్సను ఆజ్ఞచొప్పున నీ యిరువురు సైనికాధికారులు 1804 మే 14వ తేదీని బయలువెడలి, మిసూరీనది కెదురుగాఁ బయనించి, పర్వతములు దాఁటి, 1805 నవంబరులోఁ బసిఫిక్ సముద్రతీరము చేరి, 1806 సెప్టెంబరు 23వ తేదీని సెయింట్ లూయీ పట్టణమునకు మరలివచ్చిరి. ఆ తేదీతోనే లూయిస్ జెఫర్సనునకు వ్రాసిన లేఖలో మిసూరీశాఖలయందు బీవరులును నీటికుక్కలును సమృద్ధిగా నున్నవని తెలిపెను. బీవరనునది పండ్లతో మ్రాఁకులఁ గొఱికి వాఁగుల కడ్డముగాఁ గట్టలు గట్టు జంతువు. దాని బొచ్చుతోఁ దొరల టోపీలు చేయుటచే నాఁడు దానికి వెల మెండు. తిరుగుత్రోవలోనే జాన్ కోల్టరను సైనికుఁడు సెలవు గైకొని వేఁటకాండ్రతోఁ గూడి మరల నెగువకుఁ బోయెను. 1807లో మాన్యుయల్ లీసా యను వర్తకుఁడు ఎల్లోస్టోన్ నదీప్రాంతమునఁ గోట గట్టి తోళ్ల వర్తకము సాగించెను. కావున నీ దినచర్యలు కేవల యాత్రావృత్తాంతములు గావు. ఒక గొప్ప వర్తకమునకును, దానివలన నచ్చటి జాతులకుఁ గలిగిన మార్పులకును మూలపత్రములు.

లూయిస్ 1809లో మృతినొందెను. అప్పటికి ముద్రణార్హమైన భాగ మొక్కటియు సిద్ధపడలేదు. అంతట క్లార్కు 1810లో ఫిలడెల్ఫియావాసియగు నికొలస్ బిడిలను విద్వాంసున కీ పని యొప్పగించెను. రెండు సంపుటముల గ్రంథము 1814లో వెలువడెను. ముఖపత్రమునఁ దుదిమెఱుఁగు దిద్దిన పాల్ ఆలెను పేరే కాని బిడిల్ పేరు లేదు.

బిడిల్ చేసిన మేలు ముందుగాఁ జెప్పవలయును. క్లార్కు వర్ణక్రమ మతిశిథిలము. సూ యను నొక్కజాతి పేరునే యతఁడు 20కి మించిన విధముల వ్రాసెను. అట్టి వ్రాఁతను బిడిల్ సుపఠనీయమైన కథనముగాఁ గూర్చెను. అంతియకాదు, క్లార్కును బ్రశ్నించియు, యాత్రలోఁ బాల్గొన్న జార్జి షానను తోడ్పాటునఁ దెలిసికొనియు, దినచర్యలలో లేని విశేషములను గూడఁ జేర్చెను. గ్రంథకర్తను సమీపించి సంశయములు దీర్చుకొన్న వ్యాఖ్యాత కెంత ప్రామాణ్యము గలదో బిడిలునకు నంత గలదు.

అయినను, దోషములును గలవు. మాండను జాతివారి యొక నృత్యక్రియను క్లార్కు తేటమాటలలో వ్రాసియుండఁగా, అశ్లీలమని తలఁచి బిడిల్ దానిని లాటినుభాషలోనికి మార్చి పామరులకు మఱుఁగుపఱచెను. వృక్షజంతువిషయములు బెంజమిన్ బార్టనుకు వదలివేయఁబడెను. అతఁడు పని ముగింపకయే 1815లో మరణించెను. తత్ఫలముగా నీ యాత్రికులు వర్ణించిన పెక్కు ప్రాణులకు శాస్త్రనామము లిడిన కీర్తి యితరులకుఁ జెందెను.

వైయాకరణులకు ముఖ్యముగా గమనింపఁదగిన దింకొకటి. దారిలో దుబాసితనము చేసిన షోషోనీ జాతి యువతి పేరును లూయిస్ క్లార్కులు పలువిధముల వ్రాసిరి. కాని నడిమి గకారమును మాత్రము విడువలేదు. 1805 మే 20వ తేదీని లూయిస్ ఒక యేటికి 'సకాగవీయా' యని యామె పేరు పెట్టి, యా పేరునకుఁ బక్షిస్త్రీ యని యర్థము గూడ వ్రాసెను. ఇది హిదాట్సా భాషాపదముల కలయిక. 1814 నాఁటి ముద్రణమునందు గకారము జకారమై 'సకాజవీయా' యను రూప మేర్పడెను. ఈ రూపము నాధారము చేసికొని, పేరు షోషోనీ భాషాపదమనియుఁ బడవను ద్రోయునది యని యర్థమనియు మఱియొక వ్యుత్పత్తి బయలుదేఱెను. ఒక్క హల్లు మాఱఁగా శబ్దము భాషాంతరమునకుఁ బోయినది. మూలము నిలిచియుండుటచేతనే యీ వివాదమును విచారింప సాధ్యమగుచున్నది.

మూలము నశించినచో నేమగును? ఆ యాత్రలోని పాట్రిక్ గాస్ అను సార్జంటు దినచర్యను డేవిడ్ మెకీహన్ తన శైలిలోనికి మార్చి 1807లోఁ బ్రకటించెను. వాక్యములు నున్నగా నున్నవి. గాస్ వ్రాసిన ప్రతి యిప్పుడు లేదు. ఏ మాట సార్జంటుదో, యేది పరిష్కర్తదో నిర్ణయింపఁగలవారు లేరు.

1893లో నాలుగు సంపుటములుగా బిడిల్ గ్రంథమును మరలఁ బ్రకటించిన ఇలియట్ కూస్ ప్రకృతిశాస్త్రవేత్త. అతని టిప్పణములు మిక్కిలి విలువగలవి. అట్టివాఁడును మూలప్రతులమీఁదనే తన సవరణలు వ్రాసెను! శాస్త్రజ్ఞాన మెంతయున్నను బ్రతిపట్ల భక్తి లోపించిన నేమగునో యిందుచేఁ దెలియును. 1904-05లో థ్వైట్స్ 8 సంపుటములలో మూలమును బ్రకటించెను. 1913లో సార్జంటు ఆర్డ్‌వే దినచర్యయు, 1953లోఁ గ్లార్కు చిత్తుప్రతులును గనఁబడెను. 1983 మొదలు 2001 వఱకు గ్యారీ మౌల్టన్ 13 సంపుటములలో వెలువరించిన ప్రతియందు, మూలమునఁ బరులు చేర్చిన వ్రాఁత యెవరిదో వేఱుగాఁ జూపఁబడినది.

అపశబ్దములను నిలుపుట వాని సాధుత్వము నంగీకరించుటయే కదా యని యాక్షేపింతురేని, దానికి మహాభాష్యమే సమాధానము. గోశబ్ద మొక్కటియే సాధువని నిరూపించు సందర్భమున భగవత్పతంజలి గావీ, గోణీ, గోతా, గోపోతలికా యను నపభ్రంశములను వ్రాసి చూపెను. నిషేధించుటకై చెప్పినను వానిని మార్పక చెప్పెను గనుకనే యానాఁటి లోకవ్యవహారము నేఁడు తెలియుచున్నది. సాధుత్వనిర్ణయము వ్యాకరణముపని, ఉన్నది యున్నట్లు నిలుపుట పాఠరక్షణముపని. మొదటిదానికై రెండవదానిని జెఱుపరాదు.

కాఁబట్టి బిడిల్ దోషము దిద్దుటలో లేదు. చదువరులకు మూల మందుబాటులో లేకుండుటలోఁ గలదు. అతని ప్రతులు ఫిలడెల్ఫియా విద్వత్సభయందు భద్రపఱుపఁబడుటచే నా కొఱఁత తరువాతివారు తీర్పఁగలిగిరి. మెకీహను చేసిన హాని కట్టి ప్రతిక్రియ లేదు. తాటియాకు ప్రతులనుండి కావ్యములఁ బ్రకటించువారు మూలపాఠమును బైన నిలిపి, తమకు సాధువని తోఁచినదానిని గ్రింద వేఱుగాఁ జూపుట యుక్తము. పరిష్కర్త పొరపడినచో మఱియొకఁడు దిద్దుటకు వీలుండును.