తెలిసిన ముంపునే మళ్లీ చూడటం

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. కొంత మూసీ అయి తూర్పున హైదరాబాద్‌కు పోతుంది, కొంత కాగ్నాగా తాండూరు మీదుగా పడమరకు పోయి భీమాలో చేరుతుంది. 1908 సెప్టెంబర్ 28న ఆ మూసీ హైదరాబాద్‌ను ముంచింది, సుమారు 15,000 మంది చనిపోయారు. తర్వాత పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం, ఆ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయి. నగరాన్ని ముంచింది ఒక్క నది కాదు, ఎగువన ఒకదాని వెనుక ఒకటిగా తెగిన కట్టలు. విపత్తు కథలు మొదటిసారి విన్నప్పుడు చివరి ముంపు ఒక్కటే గుర్తుండిపోతుంది. ఆ కట్టల వరుస కనబడాలంటే రెండోసారి వినాలి. విపత్తు సినిమాను మనవాళ్లు టీవీలో వచ్చినప్పుడల్లా కదలకుండా చూడటానికి అసలు కారణం ఇదేనని నేననుకుంటాను.

ముగింపు తెలిస్తే ఆసక్తి చచ్చిపోతుందన్న మాట మన పల్లెల్లో ఎన్నడూ చెల్లలేదు. చిరుతల రామాయణం ఆడే రాత్రి లంక కాలుతుందా లేదా అని ఎవరూ ఎదురుచూడరు. ఈసారి హనుమంతుడి వేషం కట్టినవాడు అడుగు ఎట్లా వేస్తాడో, సీత పాట ఎంత గుండె కరిగించేటట్టు పాడతారో చూడటానికే కూర్చుంటారు. 1997లో జేమ్స్ కామెరాన్ ‘టైటానిక్’లో ఈ ఉపాయాన్నే తెలిసి వాడుకున్నాడు. సినిమా మొదట్లోనే ముసలిదైన కథానాయిక రోజ్ ముందు కంప్యూటర్ బొమ్మ పెట్టి, ఓడ ముందుభాగం ఎట్లా కుంగుతుందో, వెనుకభాగం ఎట్లా లేచి విరుగుతుందో మొత్తం చూపించేస్తాడు. ఇక ఏం జరుగుతుందన్న ప్రశ్న ఉండదు కాబట్టి మన కళ్లు మనుషుల మీదికి పోతాయి. పడవలు అందరికీ సరిపోవని రోజ్ లెక్కగట్టి అడిగితే ఓడ నిర్మాత థామస్ ఆండ్రూస్ మామూలుగా ఒప్పుకునే మాట మొదటిసారి చెవిన పడీ పడనట్టు పోతుంది, రెండోసారి మాత్రం గుండెలో గుచ్చుకుంటుంది. 2,200 మందికి పైగా ఉన్న ఓడలో 20 పడవలు, వాటిలో చోటు 1,178 మందికే. ఆ లెక్క తెలిసినవాడికి ఓడ మీది విందు దృశ్యం కూడా ప్రశాంతంగా కనిపించదు.

ఇతరుల చావును వినోదంగా చూడటం కాదా ఇది అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 2009లో వచ్చిన ‘2012’ లాంటి సినిమాలో నగరాలు బొమ్మరిళ్లలా కూలుతాయి, కూలినవాటిలో ఎవరున్నారో మనకు తెలియదు. ఆ దృశ్యాలకు గ్రాఫిక్స్ పాతబడిన రోజున విలువ పోతుంది. 2018 ఆగస్టు కేరళ వరదల మీద జూడ్ ఆంథనీ జోసెఫ్ తీసిన, 2023లో తెలుగులోకీ వచ్చిన ‘2018’ అట్లాంటిది కాదు. సైన్యం వదిలి వచ్చినందుకు ఊళ్లో చులకనైన అనూప్, చూపులేని భాసి, పడవలు తీసుకుని వచ్చే మత్స్యకారులు, వీళ్లందరినీ నీళ్లు రాకముందే మనకు పరిచయం చేశాడు. తెలిసిన మనిషి ఇంట్లోకి నీళ్లొస్తే ఎవరూ దాన్ని తమాషాగా చూడలేరు. పదేపదే చూస్తే మనసు మొద్దుబారుతుందన్న భయానికీ ఇక్కడే జవాబుంది. పేరూ ముఖమూ లేని శవాల లెక్కే మనిషిని మొద్దుబారుస్తుంది. ముఖం తెలిసినవాడి మీద మమకారం చూసినకొద్దీ పెరుగుతుంది.

మూసీ వరదలో సుమారు 150 మంది ఎక్కి ప్రాణాలు నిలబెట్టుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా సెప్టెంబర్ 28న దాని కింద సంస్మరణ సభ పెట్టి, అందరికీ తెలిసిన ఆ కథనే మళ్లీ చెప్పుకుంటారు. ఆ కథను సినిమాగా తీసేవారెవరైనా మొదటి దృశ్యాన్ని ఆ చెట్టు దగ్గర పెట్టకూడదు. ఎగువన, ఎవరూ పట్టించుకోని ఒక చెరువు కట్ట మీద, మొదటి నెర్రె దగ్గర పెట్టాలి.