సూరన కావ్యములు - విశ్వవిద్యాలయముల దేశాంతర మైత్రి

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన ‘కవిత్వతత్త్వ విచారము’నకు విషయములైన కావ్యములు రెండు: పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము, ప్రభావతీ ప్రద్యుమ్నము. ఈ రెండు కావ్యములే 2002లో నొకటియు, 2006లో నొకటియు ఆంగ్లమున వెలువడినవి. మొదటిదానిని ‘ది సౌండ్ ఆఫ్ ది కిస్’ అను పేర కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారును, రెండవదానిని ‘ది డీమన్స్ డాటర్’ అను పేర న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారును ప్రకటించిరి. అనువాదకులు వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్‌గారు. మొదటివారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టము గలవారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చిరకాలము తెలుగు బోధించినవారు. రెండవవారు జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠము నలంకరించినవారు. రెడ్డిగారో, 1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరు. ఒక విమర్శకుడు తెలుగున ఎత్తి చూపిన రెండు కావ్యములు 88 ఏండ్లకు పిమ్మట ఖండాంతర పాఠకుల నెట్లు చేరినవి? ఈ ప్రశ్నను పురస్కరించుకొని, ప్రజాధనముతో నడచు విశ్వవిద్యాలయము దేశాంతర మైత్రి నెట్లు సంపాదించుకొనునో విచారింప దలచితిమి.

ఈ చర్చ నేడు విస్తారముగా సాగుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము విశ్వవిద్యాలయములు అంతర్జాతీయ సంబంధములు పెంచుకొనవలెనని చెప్పినది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు విదేశ విద్యాసంస్థలతో కలసి ఉమ్మడి పట్టము లిచ్చుటకు నిబంధనలు చేసిరి. ఒడంబడికలు వ్రాసికొనుట, ప్రతినిధివర్గములు వచ్చిపోవుట మన విద్యాలయములకు పరిపాటి యైనది. వీనిని మేము నిరసింపము. ఒడంబడిక లేనిదే వీసా రాదు, వీసా లేనిదే విద్యార్థి రాడు. కాని ఒడంబడికల సంఖ్యను బట్టి మైత్రిని కొలుచుట, గొడ్ల సంఖ్యను బట్టి పాడిని కొలుచుట వంటిది. సాహిత్యశాఖల విషయమున మైత్రి ఫలించినదనుటకు సాక్ష్యము గ్రంథమే. ఆ గ్రంథమును పరీక్షించుట విమర్శకుని విధి.

ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటి దశ వ్యక్తుల విద్వత్తుపై నాధారపడినది. రెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలోను, పిదప కేంబ్రిడ్జిలోను చదివినవారు. కావ్యమునకు కథాకల్పన యెట్టిది, పాత్రపోషణ యెట్టిది, కవి భావనాశక్తి యెంత అను ప్రశ్నలను వారు సూరన ముందు నిలిపిరి. ఆ ప్రశ్నలకు పాశ్చాత్య సాహిత్య పరిచయము తోడ్పడినది. సమాధానములు మాత్రము తెలుగు పాఠకునికి తెలుగులోనే చెప్పబడినవి. 1931 మొదలు 1936 వరకు వైస్ ఛాన్సలరుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పదవి నుండియే ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్పాల్డింగ్ ఆచార్యపీఠమునకు వెళ్లిరి.

రెండవ దశ భాషాశాస్త్రముతో వచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తెలుగు శాఖలో ఉపన్యాసకులుగా నుండిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందిరి. తెలుగు ధాతువులపై వారి గ్రంథమును 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఆక్స్‌ఫర్డు ఆచార్యులు బరోగారు, కాలిఫోర్నియా ఆచార్యులు ఎమెనోగారు కలసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి కోశము వెలువడినదియు ఆ సంవత్సరముననే. అయినను ఇచ్చట మేము ముఖ్యముగా పేర్కొన దలచినది వేరొక గ్రంథము. 1962లో కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారు మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును ప్రకటించిరి. అది వ్యవసాయ పదములకు సంబంధించినది. దేశాంతరమున నభ్యసించిన శాస్త్రపద్ధతి నాగలి, కాడి, కళ్లములకు తెలుగు రైతు వాడు మాటలను జిల్లాల వారీగా సేకరించుట కుపయోగపడినది. విదేశమునకు పోయిన విద్య ఇంటికి వచ్చుట యన నిదియే.

మూడవ దశలో అవతలి వైపు నుండి ప్రభుత్వము ప్రవేశించినది. 1958లో అమెరికా ప్రభుత్వము జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసి, తమ విశ్వవిద్యాలయములలో అన్యభాషల బోధనకు ధనసాయ మారంభించినది. ‘రక్షణ’ అను మాట దాని యుద్దేశమును దాచలేదు. 1954 నాటి పి.ఎల్. 480 చట్టము ప్రకారము భారతదేశమునకు వచ్చిన గోధుమలకు మనము చెల్లించిన రూపాయలతో, 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భారతీయ గ్రంథములను కొని తమ విశ్వవిద్యాలయముల కంపిరి. ఆ విధముగ తెలుగు పుస్తకములు కూడ సముద్రము దాటినవి. రాజనీతి తెరచిన తలుపు గుండా సాహిత్యము ప్రవేశించుట చరిత్రలో క్రొత్త కాదు. తలుపు తెరచినవారి యుద్దేశ మొకటి. లోన బ్రవేశించినవారి కృషి మరియొకటి. ఈ రెండింటిని కలిపివేసి గ్రంథములను తక్కువ చేయుటయు, మొదటిదానిని మరచి పొంగిపోవుటయు రెండును న్యాయము గావు.

విస్కాన్సిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయము ఈ యవకాశమును వినియోగించుకొన్న తీరు గమనింపదగినది. 1971లో నారాయణరావుగా రచ్చట తెలుగు బోధన చేపట్టిరి. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏడాదిపాటు విశాఖపట్టణమున వసించి, తెలుగు నేర్చి, తామెన్నుకొన్న విషయముపై స్వయముగా పరిశీలన చేయు ఏర్పాటు చాలకాలము సాగినది. ఏడాది యనగా నొక వేసవి, ఒక వానకాలము, ఒక సంక్రాంతి. పది దినముల పర్యటనలో నెవ్వరికిని తెలుగు రాదు.

అచ్చట పరిశోధన చేసిన జీన్ రోఘేర్‌గారు పల్నాటి వీరుల కథను గాయకుని నోట విని సేకరించి, అనువదించి 1982లో ప్రకటించిరి. ఆ గ్రంథ ముఖపత్రముననే, కథ పాడిన ఆలిసెట్టి గాలెయ్యగారి పేరు కలదు. ఇది చిన్న విషయము కాదు. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌనుదొర చేయించిన మహాకార్యము వెనుక తెలుగు పండితు లెందరో కలరు. 1852లో వెలువడిన నిఘంటువును మాత్రము లోకము బ్రౌను నిఘంటువనియే వ్యవహరించును. పండితులు నాడు జీతగాండ్రు. 1982 నాటికి పాడినవాని పేరు ముఖపత్రమున కెక్కినది. 1990లో ప్రిన్‌స్టన్ ముద్రణాలయమువారు ప్రకటించిన బసవపురాణానువాదమున నారాయణరావుగారు ప్రధానానువాదకులు, రోఘేర్‌గారు సహాయకులు. సహకారమునకు, సేవకు గల భేదము ఈ మూడు గ్రంథముల ముఖపత్రములు చూచిన తెలియును.

ఇక సూరన కావ్యానువాదముల గుణదోషములు. కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే భూమిపై జరుగును. మాట ముందు, జరుగుట తరువాత. ఈ రహస్యమును అనువాదకులు కావ్యమునకు ప్రాణముగా గ్రహించిరి. వారు గ్రంథమునకు పెట్టిన పేరు, అనగా ‘ముద్దు సవ్వడి’, ఈ కథాబీజము నుండి పుట్టినదే. రెడ్డిగారు కథాకల్పనా చాతుర్యమును మెచ్చిన చోట, వీరు వాక్తత్త్వ విచారమును చూచిరి. ఇది ముందడుగే యని మా యభిప్రాయము. కాని ఈ కావ్యమును నవలగా పరిగణింపవలెనను వారి వాదమును మేము సంపూర్ణముగా నంగీకరింపజాలము. నవల యనినచో విదేశ పాఠకుడు వెంటనే చేరువగును, నిజమే. అయినను పద్యమున నడచు కావ్యమును ఆ పేర బిలుచునప్పుడు కథ మిగిలి నడక జారిపోవును. సీసపద్యపు సాగుదల, దాని వెంట వచ్చు గీతపద్యపు విరుపు, యతిప్రాసల పలుకు ఆంగ్లవాక్యమున కందవు. కలభాషిణి, మధురలాలస అను పేరులే తెలుగు పాఠకునికి వారి స్వభావమును వినిపించును. విదేశీయునికి అవి వివరింపవలసిన శబ్దములు. ఇది అనువాదకుల లోపము కాదు, అనువాదమున కున్న మేర.

ఈ మేర మరియొక విషయమును సూచించుచున్నది. అదే కవి రచించిన రాఘవపాండవీయమున ఒకే పద్యము రామాయణార్థమును, భారతార్థమును ఇచ్చును. అట్టి కావ్యమును అన్యభాషలోనికి దెచ్చుట దుష్కరము. కనుక లోకమునకు తెలియు సూరన కథకుడైన సూరన; శబ్దముపై నధికారము నెరపిన సూరన ఇంటనే యుండును. దేశాంతరమున మన సాహిత్యమునకు గలుగు కీర్తి అనువాదమునకు లొంగిన భాగమునకే గలుగును. ఆ కీర్తిని జూచి మన పాఠ్యప్రణాళికలను దిద్దుకొన్నచో, లొంగని భాగమును మనమే కోల్పోదుము. దానిని కాపాడుట తెలుగు శాఖల బాధ్యత; మరి యెవ్వరును దానిని వహింపరు.

మరియొక లోపము మనది. సూరనపై ఆంగ్లమున జరిగిన ఈ చర్చకు తెలుగు శాఖలలో తగిన ప్రత్యుత్తరము రావలెను. ఎం.ఏ. విద్యార్థికి ‘కవిత్వతత్త్వ విచారము’ను, ఈ అనువాదముల పీఠికలను ప్రక్కప్రక్కన నుంచి, మూలముతో సరిపోల్చి చదువ నేర్పినచో వాని విమర్శనాదృష్టి యెంత వికసించును! రెడ్డిగారు విదేశ విమర్శను చదివి తెలుగున మాటాడిరి. ఆ సంప్రదాయమునకు వారసులమైన మనము విదేశములవారు మన కావ్యములపై చెప్పినదానిని విని యూరకుండుట మైత్రి యనిపించుకొనదు. సంభాషణకు ఇరువురు మాటాడవలెను.

కావున ఒక తెలుగు శాఖ దేశాంతర విద్యాపీఠముతో చెలిమి చేయబూనినపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మేము తలచెదము. వచ్చువారు భాష నేర్చునంత కాలము నిలుతురా? పని చేసిన ప్రతివాని పేరును గ్రంథమున నుండునా? ఫలితము తెలుగు పాఠకునికి తెలుగులో నందునా? మొదటి రెండింటికి పై గ్రంథములు సమాధానము చెప్పినవి. మూడవదానికి మాండలిక వృత్తిపదకోశము మార్గము చూపినది. ఆ మార్గమున సూరనను మరల ఇంటికి దెచ్చుట ఇక మన పని. సముద్రము దాటి వెళ్లిన సూరన అచ్చటి పాఠకుల ప్రశ్నలను వెంటబెట్టుకొని వచ్చి మన తరగతిగది వాకిట నిలిచి యున్నాడు.