పేరు చెప్పని ఓడలు

2021 జూన్ 18 రాత్రి. ఉక్రెయిన్‌లోని ఒడెస్సా రేవులో బ్రిటన్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ డిఫెండర్, డచ్ నౌక ఎవర్ట్‌సెన్ కట్టేసి ఉన్నాయి. రేవులో బిగించిన వెబ్ కెమెరా ప్రసారంలో అవి ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఓడల జాడ చూపించే వెబ్‌సైట్లలో మాత్రం ఆ రెండూ రేవు వదిలి, నల్ల సముద్రంలో పడి, రష్యా నౌకాస్థావరం సెవస్తోపోల్ ముంగిటికి రెండు నాటికల్ మైళ్ళ దాకా వెళ్ళినట్టు గీత నడిచింది. రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య అప్పుడున్న ఉద్రిక్తతలో అదేమీ కొంటెపని కాదు. తర్వాతి నెలలో బ్యోర్న్ బెర్గ్‌మన్ అనే పరిశోధకుడు దాదాపు వంద యుద్ధనౌకల పేరిట ఇలాంటి దొంగ ప్రయాణాలు నడిచాయని బయటపెట్టారు. ఆయన పద్ధతి తేలికైనదే. ఓడ ఫలానా చోట ఉందని సంకేతం చెప్పిన సమయానికి తీసిన ఉపగ్రహ చిత్రాలు వెతికారు. వాటిలో ఉత్త నీళ్ళే ఉన్నాయి.

సముద్రం మీద ఓడల లెక్క ఇవాళ ఈ ఇద్దరు సాక్షుల మీదే ఆధారపడి ఉంది. ఒకరు తన గురించి తాను చెప్పుకునే ఓడ. ఇంకొకరు పైనుంచి చూసే ఉపగ్రహం.

ఓడ చెప్పుకునే మాటకు ఏఐఎస్ అని పేరు. ఇది నిఘా కోసం పుట్టింది కాదు. చీకట్లో, పొగమంచులో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టుకున్న ఏర్పాటు. 300 గ్రాస్ టన్నులు దాటి దేశాల మధ్య తిరిగే ఓడలకూ, ప్రయాణికుల ఓడలకూ 2004 చివరికల్లా దీన్ని తప్పనిసరి చేశారు. నడుస్తున్న ఓడ తన వేగాన్ని బట్టి రెండు నుంచి పది సెకన్లకోసారి, లంగరేసిన ఓడ మూడు నిమిషాలకోసారి తన తొమ్మిదంకెల నంబరు, ఉన్న చోటు, వేగం, దిశ రేడియోలో చెబుతూనే ఉంటుంది. మన దేశం ఓడల నంబర్లు 419తో మొదలవుతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుని, దూరాన లంగరేసిన ఓడల దీపాలు చూస్తూ ఫోన్‌లో మెరైన్‌ట్రాఫిక్ యాప్ తెరిస్తే ఏది ఏ దేశపు జెండాతో నడుస్తోందో, ఎంత పొడవుందో తెలిసిపోతుంది. అంత బాహాటంగా నడిచే వ్యవస్థ ఇది.

అదే దాని బలహీనత కూడా. కాలేజీలో హాజరు వేసినట్టే: పలికినవాళ్ళే ఉన్నట్టు, ప్రాక్సీ పలికినా ఉన్నట్టే. ఎక్కడికి వెళ్తున్నారన్న గడిని సిబ్బందే చేత్తో నింపుతారు. 2024 జనవరిలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల దాడులకు భయపడి ఎర్రసముద్రం దాటే ఓడలు కొన్ని ఆ గడిలో రేవు పేరుకు బదులు ‘సిబ్బంది అంతా చైనావాళ్ళే’ అనీ, ‘ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు’ అనీ రాసుకున్నాయి. కొందరు మొత్తానికే స్విచ్ కట్టేస్తారు. సముద్రపు దొంగల భయంతో కట్టేసేవాళ్ళున్నారు, మంచి వేట దొరికే చోటు పక్కవాడికి తెలియకూడదని కట్టేసేవాళ్ళున్నారు, ఆంక్షలున్న చమురును నడిసముద్రంలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చడానికి కట్టేసేవాళ్ళూ ఉన్నారు.

అలాంటప్పుడు అక్కరకొచ్చేది రాడార్ ఉపగ్రహం. ఇది ఫొటో తీయదు. తనే మైక్రోవేవ్ తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని కొలుస్తుంది కాబట్టి రాత్రయినా, మబ్బు పట్టినా దానికి పట్టింపు లేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014లో పంపిన సెంటినల్-1ఏ, మన శ్రీహరికోట నుంచి 2022 ఫిబ్రవరి 14న వెళ్ళిన ఈఓఎస్-04, 2025 జులై 30న వెళ్ళిన నిసార్ ఈ కోవకు చెందినవే.

ఈ చిత్రాన్ని చదవడం ఓ విద్య. ఉపగ్రహం ఏటవాలుగా చూస్తుంది. నున్నటి నీటి మీద పడ్డ తరంగం అవతలికి జారిపోతుంది కనుక సముద్రం నల్లగా వస్తుంది. ఓడ ఇనుప గోడలు, డెక్కు, క్రేన్లు కలిసే మూలలు తరంగాన్ని వచ్చిన దారినే తిప్పి కొడతాయి కనుక ఓడ తెల్లటి చుక్కగా మెరుస్తుంది. గాలి లేచిన రోజున అలలు కూడా మెరుస్తాయి. అందుకే కంప్యూటర్ సముద్రమంతటికీ ఒకే కొలత పెట్టుకోదు. ఒక్కో చుక్కనూ దాని చుట్టుపక్కల నీళ్ళతో పోల్చి, వాటికంటే ఎంతో ఎక్కువగా మెరిస్తేనే లెక్కలోకి తీసుకుంటుంది. అలా తీసుకున్నదీ ఓడే కానక్కరలేదు. బండరాయి కావచ్చు, చమురు బావి వేదిక కావచ్చు, గాలిమర కావచ్చు. వారాల తరబడి తీసిన చిత్రాల్లో ఉన్నచోటే ఉంటే అది ఓడ కాదన్నమాట.

ఇందులో ఓ వింత ఉంది. ఉపగ్రహానికి ఎదురుగానో దూరంగానో కదిలే ఓడ, డాప్లర్ తేడా వల్ల చిత్రంలో తన అసలు చోటు నుంచి వందల మీటర్లు పక్కకు జరిగి పడుతుంది. అది నీళ్ళను చీల్చుకుంటూ వెళ్ళిన చార మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూస్తే ఓడ ఒకచోట, దాని చార ఇంకొకచోట. కొత్తవాళ్ళు దీన్ని తప్పనుకుంటారు. చేయి తిరిగినవాళ్ళు ఆ ఎడం కొలిచి ఓడ ఎంత వేగంతో పోతోందో చెబుతారు.

తర్వాతది ఇద్దరు సాక్షులనూ ఎదురెదురుగా నిలబెట్టే పని. ఉపగ్రహం దాటిన క్షణానికి ముందూ వెనకా ఓడ పంపిన సంకేతాలు తీసుకుని, సరిగ్గా ఆ క్షణానికి అది ఎక్కడుండాలో లెక్కగట్టి, చుక్కలతో జత కలుపుతారు. జత కుదరని చుక్కలే అసలు వార్త. గ్లోబల్ ఫిషింగ్ వాచ్ అనే సంస్థ పరిశోధకులు 2017 నుంచి 2021 దాకా తీసిన 20 లక్షల గిగాబైట్ల చిత్రాలను ఇలా జల్లెడపట్టి, 2024 జనవరిలో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పారిశ్రామిక స్థాయిలో చేపలు పట్టే ఓడల్లో 72 నుంచి 76 శాతం బహిరంగంగా జాడ తెలిసే వ్యవస్థల్లో లేవు. ఏఐఎస్ ఒక్కటే చూస్తే ఐరోపాలో, ఆసియాలో వేట దాదాపు సమానంగా కనిపించేది. రాడార్ చుక్కలు కలిపి చూస్తే ప్రతి పది వేట ఓడల్లో ఏడు ఆసియాలో, ఒక్కటి ఐరోపాలో. ఇన్నాళ్ళూ నీతిగా పలికినవాళ్ళ మీదే వేలు చూపించామన్నమాట.

అయితే చుక్క దొరికినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. చట్టం ప్రకారం ఏఐఎస్ అక్కర్లేని ఓడలు బోలెడు. సెంటినల్ చిత్రాల్లో 15 మీటర్ల లోపు పడవలు చిక్కడం అరుదు. ఫైబర్ తెప్పల సంగతి సరేసరి. మామూలు ఫొటోల్లో వెతికితే ఇంకో చిక్కు. ప్రతి పడవ చుట్టూ నిలువుగా, అడ్డంగా మాత్రమే గళ్ళు గీసే పద్ధతిలో, రేవులో ఏటవాలుగా అంటిపెట్టుకుని కట్టిన పడవల గళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి, రెండు పడవలను యంత్రం ఒకటిగా లెక్కేస్తుంది. యంత్రాలకు నేర్పడానికి 2018లో వచ్చిన డోటా అనే చిత్రాల సమాహారం ఓడ ఎటు తిరిగి ఉంటే గడీ అటే తిరిగేలా గుర్తులు పెట్టించింది. విశాఖ చేపల రేవులో బోట్లు ఎంత దగ్గరగా కడతారో 2023 నవంబరు అగ్నిప్రమాదం చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి నిప్పంటుకుని పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి.

చిన్న పడవ కనిపించకపోతే నష్టం ఎవరిది? ఉత్తర కొరియా జలాల్లో 2017లో తొమ్మిది వందలకు పైగా చైనా ఓడలు స్క్విడ్ వేటాడాయని 2020లో ఓ పరిశోధన నాలుగు రకాల ఉపగ్రహ సాంకేతికతలతో తేల్చింది. ఆ ఓడల ధాటికి తట్టుకోలేక ఉత్తర కొరియా చెక్క పడవలు దూరపు రష్యా జలాలకు పోయాయి. వాటిలో కొన్ని శవాలతో జపాన్ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మన తీరంలోనూ చిన్న పడవల జాడ తెలియక నష్టపోయాం. 2008లో ముంబై మీద దాడికి వచ్చిన ఉగ్రవాదులు ఎక్కింది కుబేర్ అనే గుజరాత్ చేపల బోటు. దాన్ని వాళ్ళు హైజాక్ చేశారు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్ళి, హద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ‘తండేల్’ సినిమాకు ఆధారం వాళ్ళ కథే.

కేంద్రం 2024 ఆగస్టులో లక్ష బోట్లకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం మొదలుపెట్టింది. బోటు ఎక్కడుందో చెప్పడమే కాదు, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది, తుపాను కబురు అందిస్తుంది, ఆపదలో సందేశం పంపనిస్తుంది. దీన్ని పోలీసు కన్నుగా కాక ప్రాణం కాపాడే పరికరంగా అమలుచేస్తేనే బోట్లవాళ్ళు స్విచ్ వేసి ఉంచుతారు. మత్స్యశాఖ అధికారులు పెట్టె బిగించి సంతకం తీసుకుని వెళ్ళిపోవద్దు. దాన్ని ఎలా వాడాలో యజమానికే కాదు, బోటులో ఉండే ప్రతి కళాసీకీ నేర్పించాలి.