గోల్కొండ హమ్మాం: పేరు మరుగుపరచిన నీటి చరిత్ర

ఇస్లాంలో పరిశుభ్రత ఆరాధనకు ముంగిలి వంటిది. వుజూ లేనిదే నమాజు లేదు. మరణించిన వానికి చివరి స్నానం చేయించడం బ్రతికి ఉన్నవారి విధి. ముస్లిం నగరాలలో మస్జిదుతో పాటు హమ్మాం వెలసింది ఇందువల్లనే. ఆ సంప్రదాయానికి తెలుగునాట నిలిచిన ప్రముఖ నిదర్శనం హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని స్నానశాల.

ఈ కట్టడాన్ని హిజ్రీ 950 (క్రీ.శ. 1543)లో మరణించిన రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ కాలానికి చెందినదిగా చెబుతారు. చుట్టూ ఉన్న పెద్ద గుమ్మటాల నడుమ ఇది కంటికి ఆనదు. దీని విశేషమంతా లోపలనే ఉన్నది. నల్లరాతి పొదుగుపనితో పన్నెండు భుజాల వేదిక, వేడినీటికీ చన్నీటికీ వేర్వేరు తొట్లు, వాటికి నీరు చేర్చే మట్టి గొట్టాలు అక్కడ కనిపిస్తాయి.

దీనిని చిరకాలంగా మయ్యిత్ స్నానశాల అనే వర్ణిస్తున్నారు. రాజకుటుంబీకుల భౌతికకాయాలకు ఇక్కడ గుస్ల్ చేయించేవారనీ, పన్నెండు భుజాలు పన్నెండుమంది ఇమాములకు చిహ్నమనీ అంటారు. కుతుబ్‌షాహీలు షియాలు గనుక రెండవ మాట పొసగుతుంది. మొదటి మాట మాత్రం కట్టడమంతటినీ వివరించజాలదు. మయ్యిత్ గుస్ల్‌కు హదీసులు చెప్పినవి నీరు, రేగు ఆకులు, చివర కర్పూరం. ఒక బల్ల, ఒక తెర ఉంటే చాలు. తుర్కీ హమ్మాములలో నడిమి వేదికపై పడుకొని ఒళ్లు రుద్దించుకొనేది బ్రతికి ఉన్నవారే. సుల్తాన్ కులీ ఎదిగిన బహమనీ కొలువుకు బీదర్ కోటలో షాహీ హమ్మాం ఉండేది. కావున దీనిని మొదట హమ్మాంగా గ్రహించి, అంత్యస్నానాన్ని దాని ఉపయోగాలలో ఒకటిగా భావించడమే సమంజసం.

ఇది కేవలం పేరు తగాదా కాదు. మృతులదని వినగానే సందర్శకుడు వేదికను చూసి వెళ్లిపోతాడు, గొట్టాలను గమనించడు. దక్కనులో ముస్లింలు మిగిల్చినవి సమాధులేనన్న భ్రమ అలా బలపడుతుంది.

అనంతపురం పీఠభూమిలో ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వానపై ఆధారపడిన కొత్తచెరువు వంటి ఊళ్ల పాఠకులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చెరువునే పేరుగా పెట్టుకున్న ఊరిలో ఏ కట్టడం గురించైనా పుట్టే మొదటి ప్రశ్న, దీనికి నీరెక్కడిదని. ఆ ప్రశ్నతో చూసినప్పుడే గోల్కొండ హమ్మాం అర్థమవుతుంది.

అదే ప్రశ్న దాని లోపాన్నీ చూపుతుంది. మహాప్రవక్త (స) ఒక ముద్ద్, అనగా దోసెడు నీటితో వుజూ, ఒక సాఅ్, అనగా సుమారు మూడు లీటర్లతో గుస్ల్ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఆ కొలతకు రాజుల హమ్మాం విలాసమే. పనితనాన్ని మెచ్చుకుంటూ దుబారాను సున్నతుగా చూపడం తగదు.

2013లో ఈ ప్రాంగణంలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పునరుద్ధరణ చేపట్టాయి. ఆ ఏడే వానలకు కొంత కూలిన బడీ బావిని తిరిగి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది. బావిని, హమ్మాంను ఒకే చరిత్రగా చదవడం ఇక పాఠకుల వంతు. నీరు తెచ్చిన మార్గాన్ని మరచి వేదిక నగిషీని మాత్రమే కీర్తించే రచన సగం రచనే.